లేని డేరా పోస్టాఫీసు

తపాలా బిళ్ళలంటే నాకు కోపం లేదు. ఎన్నో ఏళ్ళు వాటిని చింపి అమ్మినదాన్ని. వాటిని పోగేసేవాళ్ళంటే మాత్రం నాకు ఒళ్ళుమంట. అందరూ అలాంటివాళ్ళు కాదులెండి అని మర్యాదకి అనవచ్చు. అనను. చూసినవాళ్ళ సంగతే నేను చెప్పగలను. చూడనివాళ్ళ మంచితనానికి నేనెందుకు పూచీ పడాలి?

తొంభైల్లో భిలాయి టౌన్‌షిప్‌లో ఒక చిన్న పోస్టాఫీసులో నేను గుమాస్తాని. ఏ సెక్టరో చెప్పను, చెబితే పాపం ఇప్పుడక్కడ పనిచేసే వాళ్ళకి చెడ్డపేరు. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చి క్యాంప్ 1లో ఉండిపోయాడు. నేను అక్కడే పుట్టాను. కౌంటరులో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడేదాన్ని. మా పిల్ల మాట్లాడేది రెండూ కాని మూడోది. మొదటి షిఫ్టు దిగగానే మా కౌంటరు ముందు సైకిళ్ళు ఆగేవి. కనుబొమల మీద ఎర్రదుమ్ముతో మనుషులు వచ్చి ఇన్లాండ్ లెటర్లు కొనుక్కుని, అక్కడే గోడకి ఆనించి రాసుకునేవారు. అడ్రసు ఇంగ్లీషులో రాయమని ఆడవాళ్ళు నాకు అందించేవారు. నా దృష్టిలో పోస్టాఫీసు అంటే అంతే. ఒకరికి చెప్పాల్సిన మాట ఉంటుంది, దాన్ని చేర్చాలి.

అలా ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకుండా మా పోస్టాఫీసుకి వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. ఊళ్ళోని తపాలా బిళ్ళల సంఘానికి కార్యదర్శి. ప్లాంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. విజయనగరం మనిషే అయినా మాతో ఇంగ్లీషు కలిపిన తెలుగు మాట్లాడేవాడు, మాది ఆయన తెలుగు కాదని మాకు తెలియజెయ్యడానికి. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన చిన్న పట్టకారు పెట్టుకునేవాడు. కొత్త బిళ్ళ విడుదలైన రోజున తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడేవాడు. షీటు అంతా కౌంటరు మీద పరచాలి. అంచు కాగితంతో సహా మూలనున్న నాలుగు బిళ్ళలు కావాలి. ఒక చిల్లు పక్కకి పోయినా వద్దు. వెనకాల రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్ళు ఆవులిస్తూ నిలబడి ఉండేవారు.

"వేలితో ముట్టుకోకమ్మా, చెమట ఉంటుంది" అనేవాడు.

"పొద్దున్నే కడుక్కున్న చెయ్యే సార్."

"ముట్టుకోకు. ట్వీజర్స్ తీసుకో."

ఆ బిళ్ళ మీద ఎవరో మహానుభావుడి బొమ్మ ఉండేది. బతికినన్నాళ్ళూ చెమటోడ్చినవాళ్ళ కోసం కొట్లాడిన మనిషట. ఆయన మొహానికి ఇప్పుడు చెమట అంటకూడదు.

మా ఆఫీసులో సంచులు కట్టడం, విప్పడం, ఉత్తరాల మీద ముద్రలు కొట్టడం ఒక పెద్దాయన పని. మా ఊళ్ళ వైపు మనిషే, పాలకొండ దగ్గర. నేను బాబాయ్ అనేదాన్ని. ప్లాంటుకి మట్టి తవ్వే రోజుల్లో కూలీగా వచ్చాడు. చదవడం వచ్చు కాబట్టి మేస్త్రీ ఆయన్ని ఉత్తరాలు తేవడానికి పంపేవాడట. క్రమంగా అదే ఉద్యోగమైంది. మధ్యాహ్నం కేరేజీ విప్పినప్పుడు ఆ రోజుల గురించి చెప్పేవాడు. పక్క ఊరు దుర్గు పోస్టాఫీసుకి వెళ్ళి ఉత్తరాల సంచి తీసుకుని, సైకిలు మీద క్యాంపుకి వచ్చేవాడు. వర్షాకాలం సైకిలు భుజం మీద, సంచి తల మీద. ఉత్తరాల మీద అడ్రసులు ఎలా ఉండేవంటే, "భిలాయిలో మట్టి పని, ఎర్ర తలపాగా మేస్త్రీ గేంగులో నా తమ్ముడికి చేరవలెను" అని. ఎర్ర తలపాగాలు యాభై ఉండేవి.

"మరెలా ఇచ్చేవాడివి బాబాయ్?" అని అడిగాను.

"ఏటుందమ్మా, కొళాయి కాడ నిలబడి ఊరు పేరు అరిసీవోడిని. ఆ ఊరోళ్ళందరూ పరిగెట్టుకొచ్చీవోరు. తమ్ముడెవుడో ఆళ్ళే తేల్సుకునీవోరు. సదవడం రానోళ్ళకి సదివి ఎట్టీవోడిని."

కార్యదర్శి గారు ఆ పక్కనే నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. కాదు, విన్నాడని అనకూడదు. ఆయన చెవులు అక్కడే ఉండేవి. ఆయనకి బాబాయితో ఉన్న సంబంధమల్లా ముద్ర దగ్గర. "అలా గుద్దకయ్యా! బిళ్ళ పాడైపోతుంది. అంచుకి తగిలీ తగలనట్టు వెయ్యి" అనేవాడు. తన కవరు మీద తానే అడ్రసు రాసుకుని, ముద్ర వేయించుకుని, చేత్తో పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఉత్తరం పోస్టులో వేస్తే నలుగుతుందిగా మరి.

ఒక ఏడాది టౌన్‌షిప్‌లో బిళ్ళల ప్రదర్శన పెట్టారు. కార్యదర్శి గారు "ఉక్కునగరం తపాలా చరిత్ర" అని కవర్లు, బిళ్ళలు అమర్చిన పదహారు అట్టలు తయారు చేస్తున్నాడని ఊరంతా తెలిసింది, ఎందుకంటే ఊరంతటికీ ఆయనే చెప్పాడు. మాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, చరిత్రకి మొదలు ఒకటి ఉండాలట. ప్లాంటు కట్టడం మొదలైన ఏడాది ముద్ర ఉన్న కవరు ఆయన దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు.

ఒకరోజు మధ్యాహ్నం కౌంటరు మూసే వేళకి వచ్చి మా పోస్టుమాస్టరు గదిలో కూర్చున్నాడు. పోస్టుమాస్టరు రాయపూరు ఆయన, మెతక మనిషి, పెద్దవాళ్ళతో పరిచయమున్న వాళ్ళని చూస్తే ఇంకా మెతక. కాసేపటికి నన్ను పిలిచి, పాత బీరువాలో గుడ్డలో చుట్టి ఉన్న ఇత్తడి ముద్ర తెచ్చి ఇమ్మన్నాడు. వాడుకలోంచి తీసేసిన ముద్ర అది. చుట్టూ భిలాయి క్యాంపు అని ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తేదీ. ఎప్పుడో పై ఆఫీసుకి పంపేయాల్సింది. పంపలేదు. మా దగ్గర అలా పంపనివి చాలా ఉండేవి.

"ప్రదర్శనలో నమూనాకి ఒక అచ్చు తీసుకుంటారట, ఇచ్చెయ్" అన్నాడు హిందీలో.

ఇచ్చాను. ఇవ్వడమే కాదు, అంకెలు తుప్పు పట్టి ఉంటే కిరసనాయిలు పోసి, గుండుసూదితో గీకి శుభ్రం చేశాను. తేదీ ఏం పెట్టాలి సార్ అని కార్యదర్శి గారిని అడిగాను. ఆయన రోజు, నెల చెప్పాడు. ఏడాది కూడా చెప్పాడు. ప్లాంటు పునాదుల నాటి ఏడాది.

"ఆ ఏడాది ఎందుకు సార్?"

"నమూనా అన్నాక అందంగా ఉండాలి కదమ్మా."

నాకు అప్పుడైనా అర్థం కావాలి. కాలేదు. ఈయన తలనొప్పి ఎప్పుడు వదులుతుందా అని చూస్తున్నాను. అంకెలు బిగిస్తుండగా చేతికి కిరసనాయిలు జిడ్డుండి ముద్ర జారి సిమెంటు నేల మీద పడింది. క్యాంపు అన్న మాట కింద అంచు కొంచెం లోపలికి నొక్కుకుపోయింది. ఆయన పసిపిల్లని పడేసినంత గోల చేశాడు. నేను క్షమాపణ చెప్పి వెనక బల్ల దగ్గర ఆయన్ని కూర్చోబెట్టి, సిరా దిండు ఇచ్చి, ఇంటికి వెళ్ళిపోయాను. మర్నాడు ముద్ర మళ్ళీ గుడ్డలో ఉంది.

ప్రదర్శన రోజున మా ఆఫీసు వాళ్ళందరికీ అక్కడే డ్యూటీ. బల్లలు మోయడం బాబాయి వంతు. అయినా ఆయన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. తను పనిచేసిన రోజుల చరిత్ర పెడుతున్నారని, అందులో తనకి తెలిసినదేదైనా ఉంటుందని ఆశ. హాలు నిండా బంతిపూల దండలు. వరసకట్టి తెచ్చిన స్కూలు పిల్లలు ఒకరి వీపు ఒకరు తోసుకుంటున్నారు. వచ్చిన అతిథి పెద్దమనిషి ప్రతి అట్ట ముందూ రెండు క్షణాలు ఆగి తల ఊపుతున్నాడు. ఏం చూసి ఊపాడో ఆయనకే తెలియాలి, ఒక అట్ట తలకిందులుగా ఉంది.

కార్యదర్శి గారి మొదటి అట్ట మధ్యలో పసుపుపచ్చ పాత కవరు ఒకటి. కింద ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వరసలు. బాబాయి నన్ను పిలిచి చదవమన్నాడు. తెలుగులో చెప్పాను: "కూలీల డేరాల మధ్య నడిచిన డేరా పోస్టాఫీసులో, అది తెరిచిన మొదటి వారంలో ముద్ర పడిన కవరు. ప్రపంచంలో తెలిసినది ఇదొక్కటే."

"డేరా పోస్టాపీసా?" అన్నాడు బాబాయి. నవ్వాడు. "ఎక్కడుండీదమ్మా?"

నేను కవరు మీదకి వంగాను. ముద్ర వైపే చూస్తున్నాను. క్యాంపు అన్న మాట కింద అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది. నా చేతిలోంచి జారి పడినప్పటి నొక్కు అది. ఇంకా పూర్తిగా నలభై రోజులు నిండని నొక్కు, ముప్పై అయిదేళ్ళ పైబడిన కవరు మీద. ప్రపంచంలో ఇదొక్కటే అన్నమాట అబద్ధం కాదు. ఆయన ఒకటే చేశాడు.

పాత కవరు, పాత బిళ్ళ ఆయన దగ్గర ఉండి ఉంటాయి. ముద్ర మేమిచ్చాం. ఆ రోజుల్లో ఉత్తరం చేరిన ఊళ్ళో కూడా కవరు వెనక ముద్ర వేసేవారు. ఈ కవరు వెనక ఏముందో ఎవరూ చూడకుండా అట్టకి అమర్చేశాడు. తెలివైనవాడే. తెలివి ఇలాంటి వాటికే వాడే మనుషుల్ని చూస్తే నాకు తెలివితక్కువ వాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది.

నేను ఆ ఆలోచనలో ఉండగానే బాబాయి చేతులు కట్టుకుని కార్యదర్శి గారి దగ్గరికి వెళ్ళాడు. చుట్టూ సంఘం వాళ్ళు, పతకాలు నిర్ణయించే ఇద్దరు జడ్జీలు ఉన్నారు.

"బాబూ, చిన్న మాట. ఆ ఏడాదికి ఇక్కడ ఆపీసు నేదండి. దుర్గు నుంచి నానే తెచ్చీవోడిని. ఆపీసు, ఆ సీలూ తరవాతెప్పుడో ఒచ్చినాయి. డేరా అయితే పక్కాగా నేదండి."

కార్యదర్శి గారు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అంత మృదువుగా బిళ్ళల్నే ముట్టుకునేవాడు.

"పెద్దవాడివయ్యావు, మర్చిపోయుంటావు. చరిత్ర అంటే కాగితం మీద ఉండాలయ్యా. ఇదిగో, నా దగ్గర కాగితం ఉంది. నీ దగ్గరుందా?"

బాబాయి ఒక క్షణం నిజంగానే జేబు తడుముకున్నాడు. జడ్జీల్లో ఒకాయన నవ్వాడు. "లేదు బాబూ" అన్నాడు బాబాయి. వెళ్ళి బల్లల దగ్గర నిలబడ్డాడు.

నేను ఏం చేశానంటే, ఏమీ చెయ్యలేదు. పోస్టుమాస్టరు నా వైపు చూస్తున్నాడు. తేదీ అంకెలు బిగించిన చేతులు నావి. నోరు మూసుకుని పిల్లలకి నిమ్మరసం గ్లాసులు అందించాను. సాయంత్రం ఆ అట్టలకి బంగారు పతకం ఇచ్చారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. కార్యదర్శి గారి మీద నాకున్న అసహ్యంలో ఆ చప్పట్ల వాటా కొంత ఉంది, నాకు తెలుసు.

అక్కడితో అయిపోతే నేనూ మర్చిపోయేదాన్నేమో. అయిపోలేదు. ఒక వారం పోయాక బాబాయి సంచి ముడి వేస్తూ అడిగాడు:

"అమ్మా, మన ఆపీసు కట్టక ముందు డేరా ఉండీదేటి?"

"నువ్వే కదా లేదన్నావు బాబాయ్."

"అన్నాను. ఏమో మరి, నానే మర్చిపోనానేమో. మావోడు కూడా అంటన్నాడు, బుక్కులో రాసేశారు కదా నాన్నా, నీకేటి గుర్తుంటాదీ అని."

ప్రదర్శనకి ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో కవరు బొమ్మ, డేరా పోస్టాఫీసు కథ అచ్చయ్యాయి. కొడుకు దాన్ని ఇంట్లో పెట్టాడు. అప్పట్నించి బాబాయికి అనుమానం పట్టుకుంది. కొళాయి దగ్గర నిలబడి అరిచినది నిజమేనా, లేక ఎవరో అరిస్తే తను విన్నాడా? దుర్గు నుంచి తెచ్చినది తనేనా? పేర్లు చెప్పబోయి ఆగిపోయేవాడు. మధ్యాహ్నం కేరేజీ విప్పితే తలొంచుకుని తినేసి లేచిపోయేవాడు. ఒక మనిషి చేతుల్తో చేసిన పనిని, కాళ్ళతో నడిచిన దారిని, ఒక పట్టకారు పట్టుకునే మనిషి నాలుగు టైపు వరసలతో లాగేసుకున్నాడు. దొంగతనం అంటే జేబులో చెయ్యి పెట్టడమే అనుకుంటారు అందరూ.

ఆదివారం నేను క్యాంప్ 1కి వెళ్ళి బాబాయిని బయటికి లాక్కొచ్చాను. నాకు ఆ దారి చూపించు అన్నాను. మొదట వద్దన్నాడు. తరవాత చెప్పులేసుకున్నాడు. ఎక్కడా ఆయన చెప్పిన గుర్తులు లేవు. కొళాయి ఉండేదన్న చోట స్కూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆయన అక్కడ నిలబడి, "ఇదే అనుకుంటాను, గేరంటీగా సెప్పలేను" అని తిరిగి పోదామన్నాడు.

అప్పుడు ఎదురు సందులో ఒక ముసలామె నులక మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తి చూసి, "ఏటి ఉత్తరాల బావా, ఇటొచ్చినావు?" అంది.

ఆమె కూడా ఆ రోజుల్లో మట్టి తట్టలు మోసిన మనిషే. నేను పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను, అప్పట్లో ఇక్కడ డేరాలో పోస్టాఫీసు ఉండేదా అని.

ఆమె చేట కింద పెట్టింది. "డేరాలో ఆపీసా? డేరాల్లో మేం పడుకునీవోళ్ళం తల్లీ. అదీ చాలక, ఒక డేరాలో రెండు కాపరాలు, మజ్జిన చీర కట్టుకునీవోళ్ళం. మాకే నేకపోతే ఆపీసుకి ఎవుడిచ్చాడు డేరా? ఎవుడా మాటన్నాడు?"

"పెద్దోళ్ళు అన్నారు లెద్దూ" అన్నాడు బాబాయి.

"పెద్దోళ్ళు అప్పుడున్నారేటి ఇక్కడ? నువ్వు కదా దుర్గు నుంచి తెచ్చీవోడివి. మా అమ్మ పోయిందని మా అన్న రాసిన కార్డు ఎవుడు తెచ్చాడు? వానలో చొక్కా లోపలెట్టుకుని తెచ్చినావు. సదవరా బావా అంటే, ముందు బువ్వ తిను, తరవాత సదువుతానన్నావు. నాను కడుపు నిండా తిన్నాక సదివినావు. నాకు అది మరుపా?"

బాబాయి మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. "అవునే, కారం పచ్చడేసుకుని తిన్నావు" అన్నాడు. ఇద్దరూ ఆ రోజు వాన గురించి, ఎవరెవరు ఏడ్చారో దాని గురించి మాట్లాడుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను. ఆ ముసలామె దగ్గరా కాగితం లేదు. ఆ కార్డుని ఆమె అన్నం వండుకునే పొయ్యి రాజెయ్యడానికి వాడేసిందట. బంగారు పతకం రావాల్సిన కార్డు.

మర్నాడు నేను బీరువాలోంచి ఆ ముద్ర తీసి తెల్ల కాగితం మీద ఒక అచ్చు కొట్టాను. సాయంత్రం కార్యదర్శి గారి ఇంటికి వెళ్ళాను. వరండాలో కూలరు ముందు కూర్చుని భూతద్దంతో ఏదో చూస్తున్నాడు. కూర్చోమనలేదు. కాగితం ఆయన ముందు పెట్టాను.

"ఈ నొక్కు చూడండి సార్. ఆ రోజు నా చేతిలోంచి పడినప్పుడు వచ్చింది. మీ కవరు మీద కూడా ఇదే ఉంది."

ఆయన భూతద్దం పెట్టి చూశాడు. ఆ అలవాటు చూడండి, దొరికిపోయినప్పుడు కూడా పోలిక బావుందా లేదా అని చూడాలి. తరవాత కాగితం మడిచాడు.

"చూడమ్మా, చరిత్రలో ఖాళీలుంటాయి. మనలాంటివాళ్ళం వాటిని పూరించాలి. దీనివల్ల ఎవరికి నష్టం?"

"బాబాయికి."

"ఎవరు?"

"మీ ప్రదర్శనకి బల్లలు మోసిన ఆయన. మీరు కాగితం ఉందా అని అడిగారే, ఆయన."

ఆయనకి నిజంగానే గుర్తు రాలేదు. పదేళ్ళుగా తన కవర్ల మీద ముద్ర కొట్టిన మనిషి మొహం గుర్తు లేదు, ఎక్కడో విదేశపు రాణి బిళ్ళ మీద జుట్టు వెంట్రుకలు ఎన్నో మాత్రం చెప్పగలడు. గొంతు మార్చాడు.

"తేదీ పెట్టింది ఎవరమ్మా? నేనా? నీ చేత్తో నువ్వే పెట్టావు. ముద్ర బయటికి ఇచ్చింది నువ్వు. ఇది పైకి వెళితే ముందు పోయేది నీ ఉద్యోగం. ఆలోచించుకో."

"నేనే పెట్టాను సార్. అదే రాసిస్తాను" అని వచ్చేశాను.

ధైర్యంగా అన్నానని అనుకోకండి. గేటు దాటాక నా లూనా మోపెడ్ స్టార్టు చెయ్యడానికి నాలుగుసార్లు తొక్కాల్సొచ్చింది, పెట్రోలు తిప్పడం మర్చిపోయి. ఇంటికెళ్ళి మా ఆయనకి చెబితే, "పాగల్ హో క్యా? ఎవరో ముసలాయన డేరా కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అన్నాడు. రోలింగ్ మిల్లులో పని, నోటికి హిందీయే ముందు వస్తుంది. నేను అన్నం పెట్టి, ఆయన తింటుండగానే పక్కన కూర్చుని రాశాను. ఏ రోజున ముద్ర ఇచ్చాను, ఏ తేదీ పెట్టాను, ఎలా పడింది, నొక్కు ఎక్కడుంది, ఆ కవరు ఎవరిది, అన్నీ. పోస్టుమాస్టరు చెప్పాడని కూడా రాశాను, ఎందుకంటే చెప్పాడు. రాసింది రిజిస్టరు పోస్టులో పై అధికారికి పంపాను.

తపాలా ఇన్స్పెక్టరు వచ్చాడు. ముద్ర సంచిలో వేసి సీలు చేసి పట్టుకుపోయాడు. పోస్టుమాస్టరు తనకేమీ గుర్తులేదన్నాడు. తరవాత నాతో, "అప్నే పైర్ పే కుల్హాడీ మార్ లీ ఆప్నే, మేడమ్" అన్నాడు, నా కాలు నేనే నరుక్కున్నానని. ఆయన మాట కొంత నిజమే. రెండు నెలలకి నాకు మెమో వచ్చింది. వాడుకలో లేని ముద్రని బయటి వ్యక్తికి అప్పగించి, తప్పుడు తేదీతో అచ్చు వేయడానికి సహకరించినందుకు మందలిస్తున్నాం, ఇది సర్వీసు పుస్తకంలో నమోదవుతుంది అని. వెంటనే టౌన్‌షిప్ అవతలున్న భిలాయి-3 ఆఫీసుకి బదిలీ.

సంగతి తెలిసి సంఘం వాళ్ళు మీటింగు పెట్టుకున్నారు. సత్యం తేలుస్తారని నేను అనుకోలేదు, మరీ అంత పిచ్చిదాన్ని కాను. చాలాసేపు చర్చించి, కవరు కింద కాగితం మార్చారు. కొత్త కాగితం మీద "డేరా పోస్టాఫీసు స్మృత్యర్థం వేసిన ముద్ర" అని టైపు చేశారట. లేనిదానికి స్మృతి. పతకం వెనక్కి తీసుకోలేదు. మరుసటి ఏడాది ఆయన ఇంకో పెద్ద ఊళ్ళో ఇంకో పతకం తెచ్చుకున్నాడు. ఆయనకి సన్మానం చేసి శాలువా కప్పారని పేపర్లో చూశాను. ఆ పేపరు మీద పల్లీలు పోసుకుని తిన్నాం.

మెమో వచ్చిన రోజునే దాన్ని బాబాయి దగ్గరికి పట్టుకెళ్ళాను. అప్పటికి ఆయనకి రిటైర్మెంటు పదిహేను రోజుల్లో ఉంది. ఇంగ్లీషు మెమో తెలుగులో చదివి వినిపించాను.

"నీకు దెబ్బ తగిలింది కదే గుంటా" అన్నాడు.

"పరవాలేదు బాబాయ్. ఇది చూడు, తప్పుడు తేదీ అని రాశారు. అంటే ఆ కవరు అబద్ధమని ప్రభుత్వమే ఒప్పుకుంది."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. "గవర్మెంటు ఒప్పుకునీదేటి, నాకు తెల్దా? ఆ రోజు మా మరదలు సెప్పినప్పుడే తేలిపోనాది" అన్నాడు. ముసలామెని మరదలు అనడం అప్పుడే విన్నాను. తరవాత తన కొడుకుని పిలిచి, ఆ ప్రదర్శన పుస్తకం ఇంట్లోంచి తీసెయ్యమన్నాడు. కొడుకు తీసి గూట్లో ఇంకో మూల పెట్టాడు. నాకు కనబడింది.

భిలాయి-3లో ఆఫీసు రైల్వే స్టేషను దగ్గర. అక్కడ నాకు బాగానే జరిగింది. ఉత్తరాలు తగ్గుతున్నాయి, ఎస్టీడీ బూత్‌లు వీధికి రెండు లేస్తున్నాయి. ఒకరోజు ఒక కుర్ర ఇంజనీరు స్పీడ్ పోస్టు పంపడానికి వచ్చాడు. తెలుగువాడే. నా మాట విని సంతోషపడి కబుర్లు మొదలెట్టాడు.

"తెలుసా మేడం, మన భిలాయిలో మొట్టమొదటి పోస్టాఫీసు డేరాలో నడిచిందంట. బుక్‌లో చదివాను. ఎంత థ్రిల్లింగ్ కదా!"

"డేరా లేదు, పోస్టాఫీసూ లేదు. దుర్గు నుంచి ఒకాయన సైకిలు మీద తెచ్చి కొళాయి దగ్గర నిలబడి పంచేవాడు" అన్నాను.

"అలాగా? ప్రూఫ్ ఉందా?"

"ఉంది. నా సర్వీసు పుస్తకంలో."

అతనికి అర్థం కాలేదు, నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కవరు తూకం వేసి, రసీదు చింపి ఇచ్చి, వెనకాల క్యూ ఉంది, పక్కకి జరగమన్నాను.